వేలానికి ముందు పరిచిన పచ్చిక

ఇల్లు కొనేవాడు మొదట చూసేది దేనిని? శుక్రవారం ఉదయం ఈ ప్రశ్న వేసుకుని, పచ్చికనే అని నాకు నేనే జవాబిచ్చుకున్నాను. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకడే అయితే వాదన సాఫీగా సాగుతుంది.

మా కాన్‌బెర్రా ఇంటి ముందు కోయదగిన గడ్డి పరక లేదు. నా భార్య నెరిడా ఏళ్ళ తరబడి పెంచిన, నేలను కరుచుకుని పాకే దేశవాళీ మొక్కలూ గులకరాళ్ళే. ఆమె దృష్టిలో అది తోట. నా దృష్టిలో, ఏమవ్వాలో ఇంకా తేల్చుకోని నేల.

మర్నాడే ఇంటి వేలం. టాస్మేనియాలో మరో ఇల్లు మాట్లాడుకున్నాం. ఇది అమ్ముడుపోతేనే అది దక్కేది. నెరిడా అక్కడి కిటికీలు కొలవడానికి వెళ్ళింది. చాపల్లా చుట్టి అమ్మే పచ్చికను తెప్పించి, ఆమె తోట మీద పరిచేసి, తృప్తిగా నీళ్ళు చల్లాను.

శనివారం తలుపు తీసి నిర్ఘాంతపోయాను. కొండ దిగి వచ్చిన కంగారూల కుటుంబమొకటి నా పచ్చికను మేస్తోంది. వాటిలో పెద్దది విందు ముగించిన మామగారిలా పక్కకు ఒరిగి పొట్ట గోక్కుంటోంది.

"అయ్యా, ఇక దయచేయండి," అన్నాను.

అది నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ గోక్కుంది.

ఇంతలో వేలం వేసే ట్రెంట్ వచ్చాడు. మామూలుగా అతనికన్నా ముందు అతని చిరునవ్వు వస్తుంది. ఆ రోజు రాలేదు.

"తోటేదండీ?"

"కింద ఉంది."

"దేని కింద?"

"మెరుగుదల కింద."

"ప్రకటనలో వేసింది ఆ తోట ఫొటోనే కదండీ," అంటూ అతను కాలిబాట మీద కూలబడ్డాడు.

వేలానికి వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బిడ్డను చంకనెత్తుకున్న ఒకావిడ అంది: "గడ్డి కోసే పని లేదంటేనే వచ్చాం. ఆదివారాలు మిషన్ వెనక తిరగాలంటే ఈ వీధి నిండా ఇళ్ళున్నాయిగా."

ఆమె భర్త అప్పటికే కారు తలుపు తీశాడు. ట్రెంట్ లేచి వేలం పాట అడిగాడు. మేత నములుతున్న చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

టాక్సీ ఆగింది. నెరిడా దిగింది.

"చుట్టాలొచ్చినట్టున్నారే," అంది కంగారూలను చూసి.

"మన మంచికే అనుకుని..."

"తెలుసులే. పక్కింటి బెరిల్ నిన్ననే ఫోన్ చేసింది."

"నిన్ననా? నాకో మాట చెప్పొచ్చుగా."

"చెబితే సగంలో ఆపేవాడివి. కొత్తింట్లో మళ్ళీ మొదలుపెట్టేవాడివి. ఇప్పుడు చెప్పు మహానుభావా, అక్కడేం వేద్దాం?"

"తోటే."

"ట్రెంట్, పావుగంట ఆగండి," అని ఆమె సంచిలోంచి చేతితొడుగులు తీసి నాకిచ్చింది. ఒక్క జతే.

"మరి నీకు?"

"నేను చూస్తాను."

పరువా, ఇల్లా? ఈసారి జవాబు కోసం వెతుక్కోనక్కరలేకపోయింది. అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని మొదటి చాప చుట్టాను. కింద మొక్కలు నలిగాయి గానీ బతికే ఉన్నాయి. కారు తలుపు మూసిన చప్పుడైంది. ఆ భర్త వెనక్కి వస్తున్నాడు. కాసేపటికి నా వెనక మొదటి పాట వినిపించింది. తల ఎత్తకుండా తరువాతి చాప అంచు పట్టుకుని లాగాను.