నిజమైన అయిష్టత

నిజాయితీ లేని అయిష్టతను పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్థానిక సంస్థ యారబిన్ షైర్ కౌన్సిల్ ఇకమీదట సహించదని చైర్మన్ డెస్ హాలినన్ ప్రకటించారు. ఇంత ధైర్యం రాష్ట్రంలో మరెవరికీ లేదని మా పత్రికలో రాశాను.

ఆచారం పాతదే. కొత్త చైర్మన్‌ని ఇద్దరు సభ్యులు రెక్కలు పట్టి కుర్చీ దాకా లాక్కెళ్లాలి. వాళ్లు లాగుతుంటే అతను వద్దు వద్దనాలి. పదవి మీద ఆశ లేదని జనానికి తెలియాలి కదా. డెస్ నిఘంటువు కూడా తిరగేశారు. 'రిలక్టెంట్' అంటే ఊరికే మొహమాటపడటం కాదట. లాటిన్ మూలంలో పెనుగులాడటమట.

చిక్కంతా బ్రెంట్ పాస్కోతో వచ్చింది. తర్వాతి చైర్మన్ అతనేనని అందరి లెక్క. ఆ కుర్చీ కోసం ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. రిహార్సల్లో లాగేవాళ్లే అతని వెంట పరిగెత్తాల్సి వచ్చింది.

"మెల్లగారా బాబూ. నువ్వే వాళ్లని లాక్కుపోతున్నావు," అన్నారు డెస్.

"కాళ్లు ఆగట్లేదు డెస్."

"పళ్ల డాక్టరు కుర్చీ అనుకో."

బ్రెంట్ కళ్లు మూసుకుని అలాగే అనుకున్నాడు. ఈసారి నోరు తెరుచుకుని పరిగెత్తాడు.

మనిషి మనసు ఎంత దాచుకున్నా కాళ్లు దాచుకోలేవని నాకు అప్పుడు అర్థమైంది. డెస్‌కీ అర్థమైంది. ఎన్నిక నాడు ఆయన మార్లీన్ టోంకిన్ పేరు ప్రతిపాదించారు.

మార్లీన్ ఆ రోజు సభ్యత్వానికి రాజీనామా ఇవ్వడానికి వచ్చింది. కోటు కూడా విప్పలేదు. మర్నాడు పొద్దున్నే పెర్త్‌లో ఆమె భర్తకు గుండె ఆపరేషన్.

"నాకొద్దు డెస్. ఆస్పత్రిలో కోలిన్ ఒక్కడే ఉన్నాడు. నేను పోవాలి."

సభ చప్పట్లు కొట్టింది.

"ఎంత సహజంగా అంటోందో చూశావా," అన్నాడు నా పక్కాయన.

"నేను నటించట్లేదయ్యా."

"మాకు కావలసింది అదేనమ్మా. కానివ్వు," అన్నారు డెస్.

ఇద్దరు సభ్యులు ఆమె రెక్కలు పట్టుకున్నారు. ఆమె బల్లకాలు పట్టుకుంది. ఒక బూటు ఊడిపోయింది. ఒకాయన మోచెయ్యి కొరికింది. ఆచారం ఇంత శుద్ధంగా జరగడం ఎవరూ చూసి ఎరగరు. గ్యాలరీ అంతా లేచి నిలబడింది. బ్రెంట్ వెక్కి వెక్కి ఏడ్చాడు. కళను గుర్తించగలవాడు.

చివరకు ఆమెను కుర్చీలో కూలేశారు. మళ్లీ లేవకుండా చెరో చెయ్యి గట్టిగా నొక్కి పట్టారు.

"ఈ ఎన్నికకు అభ్యంతరం ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. నోటిమాట చెల్లదు," అన్నారు డెస్.

ఆయన తొందరపడలేదు. అందరి వంకా చూశారు, మార్లీన్ వంక కూడా. ఒక్క చెయ్యీ లేవలేదు.

ఏకగ్రీవం అని రాసుకున్నాను.