పరాయి పిల్లకు సర్కారు అనుమతి

"కన్నవారు తప్ప, పరాయి పిల్ల విషయంలో నిర్ణయం తీసుకునే అర్హత ఈ భూప్రపంచంలో ఎవరికీ లేదు!" అని పిల్లల సంరక్షణాధికారి దివాకర్ గారు సెలవిచ్చారు. మొన్న బాలల దినోత్సవ సభలో ఇదే మాటకు చప్పట్లు పడ్డాయి. ఇవాళ ఆఫీసులో చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. కోస్గి దగ్గరి పల్లె నుంచి వచ్చిన సైదమ్మ, ఆమె కొంగు పట్టుకున్న నిరోష మాత్రమే ఉన్నారు.

నిరోష చెవిలో చీము. పిల్ల చిన్నగా ఉన్నప్పుడే తల్లిదండ్రులు ముంబైకి కట్టడం పనికి పోతూ, నలుగురి ముందు పిల్ల చేయి పక్కింటి సైదమ్మ చేతిలో పెట్టి వెళ్లారు. పాలమూరులో ఇదేమీ కొత్త కాదు. రేపు పట్నం డాక్టరు దవాఖానకు వచ్చి ఆపరేషన్లు చేస్తాడు. మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఆలస్యమైతే పిల్లకు వినికిడి పోతుందన్నారు. సైదమ్మ సంతకం చెల్లాలంటే దివాకర్ గారి అనుమతి పత్రం కావాలి.

"చిన్నప్పటి సంది నేనే సాదుతున్న సారూ."

"సాదడం వేరు, చట్టం వేరమ్మా. అన్నం పెట్టవచ్చు, జడ వేయవచ్చు. నిర్ణయం తీసుకోరాదు." చట్టం చెప్పేటప్పుడు ఆయనది పుస్తక భాష.

"ఆల్ల అమ్మ ఫోన్ల ఉన్నది. జర మాట్లాడుండ్రి."

"ఫోనులో ఎవరైనా అమ్మనే అంటారు. గొంతుకు ముద్ర ఉంటుందా? స్వయంగా రావాలి."

"రేపటికి ముంబై నుంచి ఎట్లొస్తరు సారూ?"

"ఆ ఇబ్బంది చట్టం పరిధిలోకి రాదు" అని ఆయన టీ అందుకున్నారు.

అప్పుడే ఆయన ఫోను మోగింది. స్పీకరు పెట్టి మాట్లాడడం సారు అలవాటు. కొడుకు చదివే స్కూలు నుంచి ప్రిన్సిపాల్.

"సార్, మీ బాబుకు జ్వరం ఎక్కువైంది. డాక్టరు సూది వేస్తానంటే, బాబును తీసుకెళ్లడానికి వచ్చిన మీ ఇంటి పనిమనిషి నిర్మలమ్మ వద్దంటోంది. ఆ మందు బాబుకు పడదట. ఏం చేయమంటారు?"

కొడుక్కి ఏ మందు పడదో దివాకర్ గారికి తెలియదు. భార్య గద్వాలలో ట్రైనింగులో ఉంది. ఆమెకు తెలుసో లేదో అన్న సంగతీ ఆయనకు తెలియదు. భయం పట్టుకుంది. పుస్తక భాష ఎటో పోయింది.

"ఆమె వద్దంటే వద్దు. ఆమె ఏం చెప్తే గదే చెయ్యుండ్రి. వానికి అమ్మా నాయినా అన్నీ ఆమెనే."

"ఫోన్లో చెప్తే సరిపోతుందా సార్?"

"చెప్తున్న గదా, నమ్మరా!"

సారు ఫోను పెట్టేశారు. సైదమ్మ నవ్వలేదు. అనుమతి కాగితాన్ని కొంచెం ఆయన ముందుకు జరిపింది.

"ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా" అని గొంతు సవరించుకుని, సారు సంతకం పెట్టి ముద్ర కొట్టారు.

సైదమ్మకు కళ్లు చెమ్మగిల్లాయి. పిల్లను పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"సారూ, బాబుకు జరం తగ్గిందో లేదో గా నిర్మలమ్మను అడుగుండ్రి."

దివాకర్ గారు ఫోను తీశారు. పేర్లన్నీ కిందికీ పైకీ జరిపి జరిపి చూశారు. చివరికి స్కూలుకే ఫోన్ చేసి, తన కొడుకును పెంచుతున్న మనిషి నంబరు ఇమ్మని అడిగారు.