అద్దం వెనక టోపీలాయన

శనివారం పొద్దున్నే క్లారీ డకెట్ కోటు ఇస్త్రీ చేసుకుంటూ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ రోజు ఒక్క టోపీ అయినా అమ్ముడుపోవాలి. లేకపోతే తాత పెట్టిన కొట్టుకు సోమవారం తాళం వేసేయాలి.

"ఈ మాట పోయిన ఏడాదీ అన్నావు," అంది భార్య గ్లెనిస్, టోస్టు మీద వెజిమైట్ రాస్తూ.

"ఈసారి నిజంగానే అంటున్నా."

"అదీ అన్నావు."

క్లారీ తప్పేమీ లేదు పాపం. కురంబీన ఊరి బయట మాల్ వచ్చాక మెయిన్ వీధి పాడుపడింది. తెరిచి ఉన్నది అతని కొట్టొక్కటే. వీధికి మళ్లీ ప్రాణం పోయాలని నగరపాలక సంఘం, బ్యాంకులు, మిగిలిన ఆ ఒక్క వ్యాపారీ కలిసి 'నడిబొడ్డు భాగస్వామ్యం' పెట్టుకున్నారు. దాని అధ్యక్షురాలు నోలీన్ ట్రాంటర్ ఊరుకునే మనిషి కాదు. మూతబడ్డ కొట్ల అద్దాల వెనక బొమ్మ కొట్లు పెట్టించింది. ప్లాస్టర్ రొట్టెలతో బేకరీ, అట్టముక్కలతో మాంసం కొట్టు, కుర్చీలో మైనపు మనిషితో మంగలి షాపు! ఆ రోజే ప్రారంభోత్సవం. అందమైన ఊళ్ల పోటీ న్యాయనిర్ణేతలు కూడా వస్తున్నారు. ఇంతమంది వస్తే ఒక్కడైనా టోపీ కొనడా అని క్లారీ ఆశ.

జనం విరగబడి వచ్చారు. క్లారీ బల్ల వెనక నిటారుగా కూర్చున్నాడు. వచ్చినవాళ్లు అద్దానికి ముక్కులు ఆనించి మరీ చూశారు.

"అబ్బ, ఈ బొమ్మ చూడవే! అచ్చం మనిషే!"

"చెవుల్లో వెంట్రుకలు కూడా పెట్టారే!"

క్లారీ రండి రండి అని చెయ్యి ఊపాడు.

"అమ్మో, కదులుతోంది! లోపల మోటారుందేమో!"

మిగతా తలుపులన్నీ తాళాలే కాబట్టి ఈ తలుపు తోసి చూద్దామని ఒక్కడికీ తోచలేదు. క్లారీ వీధిలోకి పరుగెత్తాడు.

"బొమ్మను కాదు మహాప్రభో! కొట్టు తెరిచే ఉంది!"

చప్పట్లు మోగాయి. "నటుణ్ణి కూడా పెట్టారు! నోలీన్ సామాన్యురాలు కాదు!"

క్లారీ ఒక బట్టతల ముసలాయన్ని పట్టుకుని నెత్తిన టోపీ పెట్టాడు. ఆయన అద్దంలో చూసుకుని మురిసిపోయి, జాగ్రత్తగా తీసి తిరిగిచ్చేశాడు. "ప్రదర్శన వస్తువులు ముట్టుకోకూడదు బాబూ. బాగా చేస్తున్నావు, కానియ్."

క్లారీ అక్కడే ఫుట్‌పాత్ మీద కూలబడి బావురుమన్నాడు. "నా బతుకింతే! తాత పేరు నా చేతుల్లోనే పోవాలా!"

న్యాయనిర్ణేతలు కళ్లు తుడుచుకున్నారు.

సాయంత్రం నోలీన్ మొదటి బహుమతి కప్పు ఎత్తుకుని వచ్చింది. "క్లారీ, నీ వల్లే గెలిచాం! భాగస్వామ్యం నీకు జీతం ఇస్తుంది. కొట్టు అద్దె కూడా మాదే. రోజూ అలాగే కూర్చో. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి ఏడిస్తే చాలు."

"మరి టోపీలు?"

"ఒక్కటీ అమ్మకు. అద్దం బోసిపోతుంది."

క్లారీ గ్లెనిస్ వైపు చూశాడు. "తాళం పడదుగా, ఒప్పుకో," అంది ఆమె. ఒప్పుకున్నాడు.

సోమవారం పొద్దున్న గొర్రెల రైతు ఒకడు నేరుగా తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "ఆ బూడిదరంగు టోపీ నాకు కావాలి. ఇలాంటి కొట్టు ఇంకా ఉందని తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణి."

క్లారీ టోపీ అందుకోబోయాడు. వీధి అవతల నుంచి నోలీన్ చూస్తోంది.

"అమ్మం సార్. ఇది చూడ్డానికే."

రైతు నిట్టూర్చి మాల్‌కు పోయాడు. ఆ రోజు ఏడవడానికి క్లారీ రెండింటిదాకా ఆగలేదు.