బిలిసాన్ దొంగలకు చిక్కిన రోజు

పండగ నాడు పొద్దున తెర్యో వేసుకున్న పథకం చాలా చిన్నది. తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని ఒడ్డున ఉన్న పాత రాతి బురుజు ఎక్కాలి, పడవలు కనబడగానే శంఖం ఊదాలి, ఒక్క మాట అరవాలి, దిగివచ్చి భోజనానికి కూర్చోవాలి.

బిలిసాన్‌లో ఊరి పునీతుడు శాన్ విసెంటే పండగకు ఏటా ఆ ఆట ఆడతారు. స్పెయిన్ దొరల కాలంలో సముద్రపు దొంగలు ఊరి మీద పడ్డారనీ, ఊరివాళ్లు ఏకమై వాళ్లను తరిమికొట్టారనీ కథ. దొంగల వేషం ఎదురుగా ఉన్న కబులిగ్ దీవివాళ్లది. వాళ్లు రెండు పక్కలా వెదురు రెక్కలు కట్టిన పడవల్లో వచ్చి, ఒడ్డున దిగి, చెక్క కత్తుల దెబ్బలు తిని, కాలే ఇసకలో చచ్చి పడుకుంటారు. మేయరు ప్రసంగం పూర్తయ్యేదాకా అలాగే పడుకుని, తరవాత లేచి ఒళ్లు దులుపుకుని, విస్తళ్లలో మిగిలింది తిని వెళ్లిపోతారు. దొంగల నాయకుడు రుస్తికో స్వయానా తెర్యోకి బావ, అంటే అతని భార్యకు అన్న. బిలిసాన్‌లో పుట్టి, కబులిగ్ పిల్లను చేసుకుని, అక్కడే స్థిరపడ్డాడు. అందుచేత సొంత ఊళ్లో అతనికి ఏటా చావు తప్పడంలేదు.

తెర్యో మూడు చక్రాల అద్దె బండి ట్రైసికిల్ నడుపుతాడు. ఇన్నాళ్లూ అతనిది గుంపులో వేషం. కావలివాడి వేషం వేసే సింప్లిసియోకి ముందు పళ్లు ఊడిపోవడంతో పండగ సంఘంవాళ్లు కొత్తవాడి కోసం వెతికారు. వరసగా నలుగురి నోళ్లు తెరిపించి చూసి తెర్యోని ఎంచుకున్నారు.

"పళ్లుంటే సరిపోతుందా? ఊపిరుండాలి గదా," అంది అత్తగారు గ్లిసేరియా. అల్లుడి గురించి ఆమె ఇంతకన్నా మంచి మాట ఎన్నడూ అనలేదు.

ఆమె అన్నట్టే అయింది. వారం రోజులుగా తెర్యో పెరట్లో నిలబడి ఊదుతూనే ఉన్నాడు. శంఖంలోంచి మండే పొయ్యి మీద నీళ్లు పోసినట్టు బుస్సుమని గాలి వస్తోంది తప్ప శబ్దం రావడంలేదు. పండగ పొద్దున చివరిసారిగా ప్రయత్నించాడు. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమయ్యా అల్లుడూ, మేకకేమన్నా జబ్బు చేసిందా?" అని అడిగింది.

తెర్యో శంఖాన్ని గూట్లో పెట్టేశాడు. తిన్నగా పంచాయతీ ఆఫీసుకు పోయి, విపత్తుల సామాను గదిలో ఉన్న చేత్తో తిప్పే సైరన్ తెచ్చుకున్నాడు. గది తాళంచెవి ఎప్పుడూ తలుపుకే వేలాడుతుంటుంది కాబట్టి ఎవరినీ అడగవలసిన పని పడలేదు. దాన్ని గోనెసంచిలో చుట్టి బండిలో పెడుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. అదే మంచి శకునమనుకున్నాడు తెర్యో.

ఎండ ఎక్కేసరికి బజారు నిండిపోయింది. బల్లల మీద అరిటాకులు పరిచారు. నిప్పుల మీద పందులు ఎర్రగా కాలుతున్నాయి. కొబ్బరాకు బుట్టల్లో ఉడికిన అన్నం గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది. కొబ్బరి కల్లు కుండలు నీడన పెట్టారు. మేయరు పొలికార్పియో వేదిక మీద పూర్వీకుల ధైర్యం గురించి మాట్లాడుతున్నాడు. చెక్క కత్తుల వీరులు ఒడ్డున వరసగా నిలబడ్డారు.

దూరాన పడవలు కనబడ్డాయి. బురుజు మీద తెర్యో సైరన్ పిడి పట్టుకుని తిప్పాడు.

అది శంఖం కాదని అతనికి తెలుసు. కానీ అంత గట్టిగా అరుస్తుందని తెలియదు. ఊరంతా ఉలిక్కిపడింది. తెర్యో తిప్పడం ఆపినా ఊళ ఆగలేదు, ఇంకా సాగుతూనే ఉంది. ఆ మోతలోనే తను బట్టీపట్టిన మాట అరిచాడు: "సముద్రం మీంచి దొంగల దండు వచ్చేస్తోంది, పిల్లల్ని తీసుకుని కొండెక్కండి!"

కిందివాళ్లకు అందులో 'సముద్రం', 'వచ్చేస్తోంది', 'కొండెక్కండి' అన్న మూడు మాటలే వినబడ్డాయి.

కిందటి నెలలోనే ఉప్పెన వస్తే ఏం చెయ్యాలో ఊరందరికీ నేర్పారు. సైరన్ మోగగానే చర్చి గంట కొట్టాలని గంట కొట్టేవాడికి చెప్పారు. అతను కొట్టాడు. అయినా జనం కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో పూర్వీకుల ధైర్యం దగ్గర వాక్యం ఆపేసి మేయరు వేదిక దిగి పరిగెత్తాడు. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

బజారు క్షణాల్లో ఖాళీ అయింది. శాన్ విసెంటే విగ్రహాన్ని మోసేవాళ్లు విగ్రహంతో సహా కొండదారి పట్టారు. వీరులు చెక్క కత్తులు నోట కరిచి ముసలివాళ్లను భుజాన వేసుకున్నారు. తెర్యో బురుజు దిగి వాళ్ల వెనక పరిగెత్తాడు. "ఆగండి, ఉత్తిదే, ఆగండి," అంటున్నాడు గానీ రొప్పులో మాట పెగలడంలేదు. వెనక్కి తిరిగి చూసినవాళ్లకు కావలివాడే కావలి వదిలి పరిగెత్తి వస్తున్నట్టు కనబడింది. నీళ్లు అతని మడమల దాకా వచ్చేశాయనుకుని ఇంకా వేగం పెంచారు.

కొండ మీద తెర్యో భార్య నెనీతా అట్ల పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. తెర్యో ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఉప్పెన లేదే," అన్నాడు మెల్లగా.

"లేకపోతే సైరనెవరు కొట్టారు?"

తెర్యో కాళ్లవైపు చూసుకున్నాడు.

"నువ్వా?" అంది నెనీతా. పళ్లెం కింద పెట్టింది. "గట్టిగా అనకు. ముందు నన్ను అవతలికి పోనీ, నీ పెళ్లాన్నని కొందరికైనా గుర్తుండదు."

సముద్రం పరిచిన చాపలా ఉంది. దాని మీద కబులిగ్ పడవలు నింపాదిగా వస్తున్నాయి.

"పాపం, వాళ్లకి తెలీదు," అన్నాడు చర్చి ఫాదర్. అందరూ మోకాళ్ల మీద కూర్చుని దొంగల క్షేమం కోసం ప్రార్థన చేశారు. తరవాత లేచి, వెనక్కి పొమ్మని చేతులూ తువాళ్లూ ఊపారు. దొంగలు కూడా సంతోషంగా చేతులూపారు.

పడవలు ఒడ్డు చేరాయి. దొంగలు దిగి, చంపేవాళ్ల కోసం అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. కాసేపు వేచి ఉండి బజారులోకి నడిచారు. అక్కడ బల్ల తల దగ్గర ఒక ముసలావిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. అంత దూరం నుంచి కూడా ఆ నిలబడిన తీరు తెర్యో గుర్తుపట్టాడు.

"మీ అమ్మ," అన్నాడు.

"మోకాళ్ల నొప్పులు గదా, ఎక్కలేకపోయుంటుంది," అంది నెనీతా కంగారుగా. అంతలో ముసలావిడ గరిటెతో దొంగలను వరసగా కూర్చోబెట్టడం కనబడింది.

ఉప్పెన ఇంకా ఎందుకు రాలేదని మేయరు అడిగేసరికి తెర్యో ఇక దాచలేకపోయాడు. ఎవరూ అతన్ని కొట్టలేదు, అంత ఓపిక ఎవరికీ లేదు. అందరూ కలిసి దిగడం మొదలుపెట్టారు. దారి పొడుగునా ఒక్కొక్కరే వచ్చి అతన్ని ఒక్కో మాట అని ముందుకు పోయారు.

వీళ్లు దిగేసరికి పందుల మీద కరకరలాడే తోలు ఎక్కడా లేదు. కల్లు కుండలు బోర్లించి ఉన్నాయి. రుస్తికో బెల్టు వదులు చేసుకుని నీడన చేరగిలబడ్డాడు.

"మీరు రాకపోతే మేమేం చేస్తాం బావా," అన్నాడు తెర్యోతో. "అమ్మ తినమంది."

మేయరు మొహం కందగడ్డ అయింది. "సరే, అయిందేదో అయింది. లేచి ఒడ్డుకు పదండి. యుద్ధం జరగాలి. చరిత్ర అన్నాక..."

"ఇప్పుడు పరిగెత్తమంటే నిజంగానే చస్తాం," అన్నాడు ఒక దొంగ పడుకునే.

"పైగా గెలిచాం గదా," అన్నాడు ఇంకొకడు.

మేయరు గ్లిసేరియా వైపు తిరిగాడు. "పెద్దదానివి, నువ్వైనా చెప్పొద్దా పిన్నీ? సైరన్ మోగితే ఎందుకు కదల్లేదు?"

"మా అల్లుడు పొద్దున దాన్ని సంచిలో పెట్టుకుపోవడం చూశాను. శంఖం చేతగాక మోగించాడని తెలిసింది."

"తెలిస్తే ఎవరికీ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?" అంది ఆమె. "నా కొడుకు ఏటా ఎండలో పడుకుని లేచి ఎముకలు చీకి పోతున్నాడు. ఒక్క పూట వేడిగా తిన్నాడు. దానికేం?"

"చరిత్ర పాడైంది, దానికి."

గ్లిసేరియా గరిటె బల్ల మీద పెట్టింది. "ఏ చరిత్ర? మా అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మ దగ్గర విన్నది నాకు చెప్పేది. దొంగలొచ్చారు. ఊరంతా కొండెక్కి కూర్చుంది. వాళ్లు వండినదంతా తిని, కాసేపు కునుకు తీసి, పోయారు. అంతే జరిగింది. ఈ కత్తులూ యుద్ధమూ మీ తాత మొదటిసారి ఎన్నికలకి నిలబడ్డప్పుడు కలిపాడు."

ఫాదర్ ఆకాశం వైపు చూశాడు. సింప్లిసియో, "మా నాన్న కూడా ఇలాంటిదే ఏదో అనేవాడు," అన్నాడు. పళ్లు లేకపోవడం వల్ల ఆ మాట అందరికీ అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తరవాత వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు బల్లల వెంట పాకి, చివరకు పడుకున్న దొంగల దాకా వెళ్లింది.

గ్లిసేరియా ఒక ఆకు తీసి తెర్యో ముందు వేసింది. ఎక్కడ దాచిందో గానీ దాని మీద అరచేతి వెడల్పు తోలు ముక్క పెట్టింది.

"తిను అల్లుడూ. ఇన్నేళ్లకి ఆటని ఉన్నదున్నట్టు ఆడించావు," అంది.

తెర్యో తలవంచుకుని తిన్నాడు. ఉప్పు కొంచెం ఎక్కువైందనిపించింది గానీ చెప్పలేదు.

ఇకనుంచి ఆట అలాగే ఆడాలంటే మేయరు ఒప్పుకోక తప్పలేదు. మరుసటేడు పండగకు దొంగల వేషం వేస్తామని చుట్టుపక్కల దీవులన్నిటి నుంచీ పడవలు వచ్చాయి. వాళ్లందరికీ వండిపెట్టి కొండెక్కడానికి మాత్రం ఊళ్లో ఎవరూ దొరకలేదు.