గోరంత తాళం, ఒంటి ముక్క సూటు

తాళాల మేస్త్రీకి భార్యంటే భయమేమీ లేదు. ఉన్నదల్లా ముందుజాగ్రత్త. ఆ జాగ్రత్త ఎక్కువైపోయిన వారంలో జరిగిన సంగతి ఇది.

మేస్త్రీ దంపతులు కిందటేడు కలిసి ఒక ఎర్ర మోటారు సైకిలు కొన్నారు. ఇద్దరికీ లైసెన్సు ఉంది. ఆవిడే బాగా నడుపుతుందని వీధిలో అందరికీ తెలుసు. మేస్త్రీకి మాత్రం ఇంకా తెలియదు, ఎందుకంటే ఇద్దరూ కలిసి వెళ్ళినప్పుడల్లా హ్యాండిలు ఆయనే పట్టుకునేవాడు.

ఆదివారం ఆరు బళ్ళు కలిసి కొండల్లోకి మూడు రోజుల ప్రయాణం. బృందం పెద్దకి సైలెన్సర్ అని పేరు. నోరు మూయడు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆయన ఒక నియమం పెట్టాడు: పడినా దెబ్బ తగలని మందపాటి టూరింగు సూటు వేసుకున్నవాళ్ళే బండి నడపాలి, వెనక కూర్చునేవాళ్ళు ఏం వేసుకున్నా పరవాలేదు.

ఇంటికి ఒక్క సూటే కొనాలని భార్యాభర్తలు అనుకున్నారు. అంటే సూటు ఎవరిదైతే హ్యాండిలు వాళ్ళది. మేస్త్రీ ముందుజాగ్రత్త అక్కడే మొదలైంది.

సూట్ల కొట్టువాడు రెండు రకాలూ ఇచ్చి పంపాడు. ఒకటి ఒంటి ముక్క, మెడ నుంచి కాళ్ళ దాకా ఒకటే తొడుగు. రెండోది రెండు ముక్కలు, పైన కోటు, కింద పాంటు. నచ్చింది ఉంచుకుని రెండోది శనివారం సాయంత్రానికి చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వాలి.

"రెండు ముక్కలదే హాయండీ. ఎండెక్కితే కోటు విప్పేసుకోవచ్చు" అంది భార్య. ఆవిడకి సొంత లాండ్రీ ఉంది. బట్టల విషయంలో ఆవిడ మాట అంటే వీధికి తీర్పు.

"ఒంటి ముక్కదే దర్జా! ఒకటే జిప్పు. సర్రున లాగితే మనిషి తయారు."

"మరి దారిలో అవసరం పడితే? మెడ నుంచి మొత్తం ఒలుచుకోవాలి, అరటిపండులా."

"మగాడన్నవాడు ఆపుకుంటాడు."

"మూడు రోజులా?"

మేస్త్రీ ఆ ప్రశ్న విననట్టు గోడ గడియారం వైపు చూశాడు.

ఆయన అసలు బాధ జిప్పు గురించి కాదు. ఆ ఇంట్లో రెండుగా ఉన్న వస్తువేదీ ఆయనకి దక్కలేదు. రెండు తలుపుల బీరువా కొన్న రోజున ఒక తలుపు ఆయనదన్నారు. ఏడాదికి అది ఒక అరగా తగ్గింది. ఇప్పుడు ఆయనకి మిగిలింది తలుపు వెనక ఒక కొక్కెం. రెండు ముక్కల సూటు ఇంటికొస్తే కోటు ఆవిడ వేసుకుని, "మీకు పాంటుంది కదా" అంటుంది. హ్యాండిలు పట్టుకోవడానికి చేతులుండేది కోటుకే. ఒంటి ముక్కని ఎవరూ పంచలేరు!

శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి భార్య అద్దం ముందు నిలబడి ఆ ఒంటి ముక్క సూటునే ఒంటికి ఆనించి చూసుకుంటోంది. ఇద్దరిదీ ఒకటే ఎత్తు.

"ఇది కూడా బాగానే ఉందండోయ్" అంది ఆవిడ.

అంతే. మేస్త్రీ పని మిగిలిపోయిందని చెప్పి మళ్ళీ తన తాళాల కొట్టుకి పరుగెత్తాడు. గంటలో గోరంత తాళం ఒకటి తయారు చేశాడు. జిప్పు కొసనీ మెడపట్టీ మీది వంకీనీ కలిపి బిగిస్తే, ఇక ఆ సూటు తాళంచెవి ఉన్నవాడికే తెరుచుకుంటుంది. నొక్కితే దానంతటదే బిగుసుకుపోయే తాళం. "దీన్ని చెవి లేకుండా తీసేవాడు పుట్టలేదు" అని ఖాళీ కొట్టులో పైకే అన్నాడు.

ముందు చెవి దాచి, తరవాత తాళం వెయ్యడం ఆయన పద్ధతి. తాళం వేశాక దాచబోతే ఎవరో ఒకరు చూస్తారట. అందుకని ఇంటికి రాగానే చెవిని రెండు ముక్కల సూటులో, కోటు లోపలి జేబులో పెట్టి సంచీ మూతి కట్టేశాడు. ఎలాగూ వెనక్కి పోయే సూటే. దాని జోలికి ఎవరు వెళతారు? రేపు తిరిగి ఇవ్వడానికి పోతూ దారిలో తీసుకుంటే సరి.

శనివారం పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేసరికి భార్య లాండ్రీకి వెళ్ళిపోయింది. ఇంట్లో అత్తగారు మాత్రం చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంది.

సూటుకి తాళం వేసే ముందు ఒక్కసారి తొడుక్కుని చూద్దామనిపించింది మేస్త్రీకి. తొడుక్కున్నాడు. అద్దంలో పులిలా ఉన్నాడు. జిప్పు మెడ దాకా లాగి, తాళం వంకీలో సరిగ్గా కూర్చుంటుందో లేదో పెట్టి చూశాడు. కూర్చుంది.

తాళం బిగించగానే బొటనవేలితో ఒక నొక్కు నొక్కడం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు. నొక్కాడు.

క్లిక్.

ఒక క్షణం వృత్తి గర్వంతో ఆనందించాడు. ఆ తరవాత అర్థమైంది. పరుగున వెళ్ళి సంచీ విప్పాడు. ఖాళీ!

"అత్తయ్యా! ఇందులో సూటేదీ?"

"అమ్మాయి వేసుకుని బండి మీద వెళ్ళింది అల్లుడుగారూ. ఎంత బాగుందనుకున్నారు! కొలతలు తీసి కుట్టినట్టే ఉంది."

పొద్దున్నే తాగిన రెండు లోటాల కాఫీ సరిగ్గా అప్పుడే మేస్త్రీకి గుర్తొచ్చింది.

పనిముట్లు నాలుగు వీధుల అవతల కొట్టులో ఉన్నాయి. అత్తగారి తలపిన్ను ఒకటి అడిగి తీసుకున్నాడు. తాళం గడ్డం కింద ఉంది, కంటికి ఆనదు. అద్దంలో చూస్తే చెయ్యి కుడికి పొమ్మంటే ఎడమకి పోతోంది. మెడ మీద మూడు గీతలు పడ్డాయి గాని తాళం కదలలేదు.

"కత్తెర తెమ్మంటారా?" అంది అత్తగారు.

"వద్దు! చిరిగితే కొట్టువాడు రెండూ మనకే అంటగడతాడు."

"పోనీ నేను చూస్తాను ఉండండి." ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగింది. "తాళం కనబడుతోంది గాని బెజ్జం కనబడటం లేదు నాయనా."

అంతలో పక్కింటి లెక్కల మాస్టారు రొప్పుతూ వచ్చాడు. "మేస్త్రీగారూ, చెవి లోపల పెట్టి తలుపు లాగేశాను. పొయ్యి మీద పాలున్నాయి!"

మేస్త్రీ కాలు కాలిన పిల్లిలా పక్కింటికి గెంతాడు. అదే తలపిన్నుతో అర నిమిషంలో తలుపు తీశాడు. పాలు పొంగలేదు. చూడటానికొచ్చిన నలుగురూ చప్పట్లు కొట్టారు.

"అద్భుతం! మరి మీ మెడ దగ్గర ఆ తాళమేమిటండీ?" అన్నాడు మాస్టారు.

"ఫ్యాషను" అని చెప్పి మేస్త్రీ మోకాళ్ళు దగ్గరపెట్టుకుని ఇంటికి నడిచాడు.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఫోను తీశాడు.

"ఎక్కడున్నావే?"

"లాండ్రీలోనండీ. ఈ సూటు ఎంత సుఖంగా ఉందో! లోపలి జేబులో ఏదో గుచ్చుకుంటోంది గాని."

"అదే! అదే! దాన్ని పారెయ్యకు! వెంటనే ఇంటికి రా!"

"అంత తొందరేమిటి? ఇస్త్రీకి ఇరవై చొక్కాలున్నాయి."

మేస్త్రీ గొంతు తగ్గించాడు. "అవసరం."

"మగాడన్నవాడు ఆపుకుంటాడని..."

"ఏమే, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"వంగగలరా దాంట్లో?"

అయిదు నిమిషాల్లో ఎర్ర బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఎంత ఒడుపుగా ఆగిందంటే, ఆ అవస్థలో కూడా మేస్త్రీ కళ్ళు అప్పగించి చూశాడు. ఆవిడ హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. రెండు వేళ్ళ మధ్య చెవి తళతళలాడుతోంది.

"ముందు ఒక మాట. రేపు హ్యాండిలు ఎవరిది?"

"వెళ్ళేటప్పుడు నాది, వచ్చేటప్పుడు నీది" అన్నాడు మేస్త్రీ ఒంటికాలి మీద నిలబడి.

"అబ్బే, మీకు ముక్కలు చెయ్యడం నచ్చదు కదా. ఏదైనా ఒంటి ముక్కగానే ఉండాలి."

మేస్త్రీ అత్తగారి వైపు చూశాడు. ఆవిడ చిక్కుడుకాయల్లోంచి తల ఎత్తలేదు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"నీదే! వెళ్ళేటప్పుడూ నీదే, వచ్చేటప్పుడూ నీదే! తియ్యవే తల్లీ!"

తాళం ఊడింది. కాని ఒంటి ముక్క సూటు దర్జా అప్పుడే మొదలైంది. భుజాలు, చేతులు, నడుము, అన్నీ వరసగా ఒలవాలి. మేస్త్రీ సూటు నడుం దాకా దిగగానే దాన్ని ఈడ్చుకుంటూ, గోనెసంచి పందెంలోలా గెంతుతూ పెరట్లోకి పోయాడు. పందెం గెలిచాడు, వెంట్రుకవాసిలో.

సాయంత్రం ఒంటి ముక్క సూటు తిరిగిస్తుంటే కొట్టువాడు మెడపట్టీ చూసి, "ఈ తాళమేమిటండీ?" అన్నాడు.

"దొంగల భయం" అని భార్య తాళం తీసి పర్సులో వేసుకుంది.

ఆదివారం కొండదారిలో ఎర్ర బండి అన్నిటికంటే ముందు పోయింది. మేస్త్రీ పాత స్వెట్టరులో వెనక కూర్చున్నాడు. మొదటి రెండు మలుపులూ కళ్ళు మూసుకున్నాడు. మూడో మలుపులో తెరిచాడు. కొండలు ఇంత పచ్చగా ఉంటాయని ఇన్నాళ్ళూ హ్యాండిలు పట్టుకున్నవాడికి తెలియలేదు. మొదటిసారి ఆగినచోట సైలెన్సర్ వచ్చి, "వదినా, ఆ మలుపులేమిటండీ!" అని మరో మాట రాక నోరు మూశాడు. బృందం చరిత్రలో అదే మొదటిసారి.

ఎండెక్కాక ఆవిడ కోటు విప్పి మేస్త్రీ చేతికిచ్చింది. సగం సూటు చివరికి ఆయనకి దక్కింది, మోయడానికి.

కోటు మడతపెడుతూ ఆయనకి ఒక అనుమానం వచ్చింది. "అవునే, చెవి ఈ జేబులో ఉన్నట్టు నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం సాయంత్రం, మీరు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు."

"సంచీ ఎందుకు విప్పావు?"

"మీరు తాళం కనబడితే నొక్కుతారు కదా" అంది ఆవిడ హెల్మెట్ పెట్టుకుంటూ. "నేను బట్టలు కనబడితే జేబులు చూస్తాను. ఎక్కండి."

మేస్త్రీ ఎక్కాడు.