సబ్బులో పన్నెంత?

ఆ ఉదయం ప్రూఫ్‌రీడరుకు ఉన్నది ఒకటే పని. సబ్బు తేవాలి, తొమ్మిదికల్లా ప్రెస్సులో ఉండాలి. ఇంట్లో భార్య అప్పటికే పాప తల తడిపేసింది.

"సబ్బొక్కటే. దారిలో ఎవరితోనూ మాట్లాడకండి," అంది.

మాట్లాడకూడదనే అనుకున్నాడు. కానీ ముందురోజు దిద్దిన పుస్తకం బుర్ర తొలిచేస్తోంది. సబ్బులోని నూనె మీద పన్ను, చుట్టిన కాగితం మీద పన్ను, మోసుకొచ్చిన లారీ డీజిలు మీద పన్ను, అన్నీ ధరలోనే దాక్కుంటాయట. పాతికేళ్లుగా తెలియకుండా ఎంత కట్టాడో లెక్క తేల్చాలనిపించింది.

కొట్టులో ఉండబట్టలేక అడిగాడు. "ఇందులో పన్నెంతండీ?" రాసుకుందామని ఎర్రపెన్ను, నోటుపుస్తకం తీశాడు.

కొట్టు యజమాని మొహం పాలిపోయింది. "కూర్చోండి సార్. ఫ్యాను వేస్తాను."

"కూర్చోను. ఒక్క సబ్బు చాలు."

యజమాని పక్కకెళ్లి ఫోనులో గుసగుసలాడాడు. "శాంపిల్ పట్టుకెళ్తాడట. వర్తక సంఘం ప్రెసిడెంటు గారిని పంపండి."

అయిదు నిమిషాల్లో వీధిలో షట్టర్లు ఒకటొకటే దిగాయి. ప్రూఫ్‌రీడరు ముందు సబ్బుల పెట్టె ప్రత్యక్షమైంది.

"ఇంటికి పంపిస్తాం సార్."

"నేను అలాంటివాణ్ణి కాదు," అన్నాడాయన కంగారుగా.

యజమానికి చెమటలు పట్టాయి. లంచం కూడా తీసుకోడన్నమాట. "సార్, దాచడమెందుకు, వెనకగదిలో సరుక్కి బిల్లుల్లేవు. పిల్లలవాణ్ణి."

అప్పటికి ప్రూఫ్‌రీడరుకు విషయం అర్థమైంది. ఆఫీసరు వేషం వేశాడని పోలీసులు పట్టుకుంటే? ఎర్రపెన్నే సాక్ష్యం. "నేను ఆఫీసర్ని కాదండీ," అన్నాడు.

"అర్థమైంది సార్, రహస్యంగా వచ్చారు," అన్నాడు అప్పుడే వచ్చిన సంఘం ప్రెసిడెంటు, రెండు చేతులూ జోడించి.

ఇంతలో భార్య వచ్చింది. చేతిలో తడి తువ్వాలు, మొహం నిండా కోపం.

"గంటైంది మీరొచ్చి. ఒక్క సబ్బు తేవడానికి ఇంత విచారణా? ఇంటికి పదండి, మీ సంగతి చెప్తాను."

ఆయన తల వంచుకుని ఆవిడ వెనక నిలబడ్డాడు. ప్రెసిడెంటు యజమాని చెవిలో ఊదాడు. "ఈవిడ పైఆఫీసరు."

ఆవిడ సబ్బు అందుకుని, డబ్బు బల్ల మీద పెట్టి, కోపం చల్లారక అంది. "కొన్నదానికి కాగితమ్ముక్కైనా ఇచ్చారా? ఇన్నాళ్లూ అడక్కపోవడం మాదే తప్పు."

"రేపట్నుంచి ఇస్తాం మేడమ్. వీధి మొత్తం ఇస్తుంది."

ప్రూఫ్‌రీడరు ఆ రోజు ప్రెస్సుకు ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తిన్నాడు. తలుపు చప్పుడైతే చాలు, వారం రోజులు ఉలిక్కిపడ్డాడు. ఎవరూ రాలేదు.

మాట తప్పలేదు వీధి. ప్రతి కొట్టులోనూ బిల్లు ఇస్తున్నారు. ఇన్నాళ్లూ ఎగ్గొట్టిన పన్ను ఇప్పుడు సక్రమంగా వేయడంతో సబ్బు ధర పెరిగింది. పన్నెంతో బిల్లు మీద స్పష్టంగా ఉంటోంది. అది చదివి, ఇదంతా ఆయన అడిగిన ప్రశ్న వల్లేనని ఇరుగుపొరుగు ఆయనతో మాట్లాడటం మానేశారు.

బిల్లుపుస్తకాల అచ్చు ఖర్చు కూడా సబ్బు ధరలోనే కలిపారు. అది మాత్రం బిల్లులో కనిపించదు.