ఆజ్ఞాపించడం రాని దోన్యా ఒబ్దూలియా

వృద్ధాప్యం అనే సమస్య కిందటి వేసవిలో పరిష్కారమైపోయింది. శాన్ ఆంటోనియో పడమటి పేటలో ఉండే మాకు ఈ సంగతి సహాయ పరికరాల సద్వినియోగ విభాగం వారే స్వయంగా వచ్చి చెప్పారు. (అప్పటిదాకా మోకాళ్ళ నొప్పులు నిజమనే అనుకుంటున్నాం.)

మా పక్కింటి పెద్దావిడ దోన్యా ఒబ్దూలియాకు (దోన్యా అంటే మా వాడుకలో అమ్మగారు) చూపు బాగా మందగించింది. ఒంటరి మనిషి. గుండె మాత్ర ఏ సీసాలో ఉందో, షుగరు మాత్ర ఏ సీసాలో ఉందో పోల్చుకోలేదు. ఒకసారి తారుమారు చేసి ఆస్పత్రి పాలైంది కూడా. అందుకని విభాగం వారు కళ్ళజోడుకు తగిలించుకునే చిన్న పరికరం ఒకటి ఇచ్చారు. సీసా ఎదురుగా పెట్టి అడిగితే దాని మీద రాసింది ఆడపిల్ల గొంతుతో చదివి వినిపిస్తుంది. స్పానిష్ కూడా వచ్చు. నిబంధనల్లా ఒకటే, ఆజ్ఞ ఐదు సెకన్లలో ముగియాలి. ఐదు సెకన్లలో మా పేటవాళ్ళు గొంతు సవరించుకోవడం కూడా ముగించరు.

"ఏమ్మా, నిద్ర బాగా పట్టిందా? మీ అమ్మ కులాసానా?" అని మొదలుపెట్టింది దోన్యా ఒబ్దూలియా.

"ఆజ్ఞ అర్థం కాలేదు," అంది పరికరం.

"అయ్యో, వాళ్ళమ్మ లేదు కాబోలు. నా నోరు పడిపోను!"

నొచ్చుకుని, ఆ తల్లి ఆత్మశాంతికి కొవ్వొత్తి వెలిగించింది. అంత దుఃఖంలో ఉన్న పిల్లని మాత్రల సంగతి అడగడం మర్యాద కాదని ఊరుకుంది. నాకు పని లేని రోజుల్లో మాత్రలు నేనే తీసిచ్చేదాన్ని. ఉన్న రోజుల్లో ఆవిడకు దేవుడే దిక్కు.

విభాగం లెక్కల్లో ఆవిడ వాడకం సున్నా. (రోజంతా దానితో మాట్లాడుతూనే ఉంది గానీ, క్షేమసమాచారాలు వాడకం కిందికి రావు.) వాడని పరికరాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆ పని మీద ఉప సద్వినియోగాధికారిణి యాదీరా కాంతూ వచ్చింది.

వచ్చినామె కూడా మా పేట పిల్లే. కనుక వచ్చిన పని వెంటనే చెప్పలేకపోయింది. కాఫీ తాగింది, తీపి రొట్టె తింది, వాళ్ళమ్మ తుంటి ఆపరేషన్ గురించి మొదటి నుంచీ చెప్పింది. రెండో కప్పు కూడా అయ్యాక గొంతు తగ్గించింది.

"పరికరం తీసుకెళ్ళాలి, దోన్యా. మీరు దాన్ని వాడటం లేదట."

"వాడటం లేదా! పొద్దస్తమానం పలకరిస్తున్నానే! అదే ముభావంగా ఉంటోంది."

"పలకరించకూడదండీ. ‘చదువు’ అనాలి. అంతే."

"ముక్కూ మొహం తెలియని పిల్లకి, మంచీ చెడూ అడక్కుండా పని చెప్పమంటావా? మా అమ్మ నన్నలా పెంచలేదమ్మాయ్!"

"ఒక్కసారి అనండి, నేను చూస్తాను. అనలేకపోతే తీసుకెళ్ళక తప్పదు."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు వచ్చిన పని చెప్పడానికి అరగంట పట్టిందే, పెద్దావిడకి ఐదు సెకన్లా?" అన్నాను. అది నిబంధనల్లో లేని ప్రశ్న కాబట్టి ఆమె మాత్రల సీసా తెచ్చి పెద్దావిడ ముందు పెట్టింది.

దోన్యా ఒబ్దూలియా సీసా చేతిలోకి తీసుకుంది. సిలువ గుర్తు వేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "చదువు!" అని గద్దించింది.

"గుండె మాత్ర. ఉదయం ఒకటి," అంది పరికరం.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ రెండో సీసా ఎత్తింది. "చదువు!" షుగరు మాత్ర. ఇక ఆగితేనా! ఉప్పు డబ్బా, కరెంటు బిల్లు, నా చొక్కా మీది అక్షరాలు, అన్నీ చదివించింది. ముఖం వెలిగిపోతోంది.

యాదీరా సంతోషంగా మూడో కాఫీకి కప్పు ముందుకు జరిపింది.

"నీ పని అయిందిగా? లే," అంది దోన్యా ఒబ్దూలియా. నా వైపు తిరిగి, "నువ్వూ," అంది.

ఆ ఇంట్లోంచి చేతిలో మొక్కజొన్న పిండితో ఆవిడ వండే తమాలెస్ పొట్లం లేకుండా మనిషన్నవాడు బయటికి రావడం నేను అదే మొదటిసారి చూడటం. మర్నాడు విభాగం నుంచి ఆవిడకు అభినందన పత్రం వచ్చింది: "తమ వైకల్యం పూర్తిగా తొలగిపోయినందుకు హర్షిస్తున్నాము."